చెమటకు వాసన లేదు

వేసవి సెలవుల్లో పొద్దున్నే వీధిలోకి పోయి అన్నం వేళకు ఇల్లు చేరిన ఎనిమిదేళ్ల పిల్లాడిని చూడండి. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయి ఉంటుంది. మెడ మడతల్లో మట్టి చారలు. చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంటుంది. అయినా దగ్గరికి తీసుకుంటే దుమ్ము వాసన, ఎండ వాసన తప్ప చంకల్లోంచి కంపు రాదు. అదే పిల్లాడికి పదమూడో ఏడు వచ్చిందంటే, ఆడి వచ్చి చొక్కా విప్పిన సంగతి పక్క గదిలో ఉన్న తల్లికి తెలిసిపోతుంది. ఎండ అదే, ఆట అదే, సబ్బూ అదే. చెమట పట్టడమూ కొత్త కాదు. మరి ఈ కంపు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

అప్పుడే ఊరిన చెమటను ఏ వయసు వాళ్ల ఒంటి మీద నుంచి తీసుకుని చూసినా వాసన దాదాపు ఉండదు. ఆ చెమటను తిని బతికే జీవులు మన చర్మం మీద ఉన్నాయి. అవి తినగా వదిలేసిన వ్యర్థమే కంపు. పదమూడో ఏట పిల్లాడి చంకలోకి కొత్తగా వచ్చి చేరింది వాటికి ఇష్టమైన తిండి.

చంకలో ఏం జరుగుతుంది?

మన ఒంటి మీద చెమట గ్రంథులు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం గ్రంథులు ఒళ్లంతా ఉంటాయి, 20 లక్షల నుంచి 40 లక్షల దాకా. పసితనం నుంచే పనిచేస్తాయి. వాటి నుంచి వచ్చేది చాలావరకు ఉప్పు కలిసిన నీరు. అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. వీధిలో ఆడుకునే పిల్లాడిని తడిపేసింది ఈ చెమటే. బ్యాక్టీరియాకు ఇందులో తినడానికి పెద్దగా ఏమీ దొరకదు.

రెండో రకం గ్రంథులు చంకల్లో, జననాంగాల చుట్టుపక్కల, చనుమొనల దగ్గర ఉంటాయి. పుట్టుకతోనే ఉన్నా, యుక్తవయసు హార్మోన్లు వచ్చేదాకా ఊరకే ఉంటాయి. ఆ తర్వాత వెంట్రుక కుదుళ్లలోకి కొవ్వులు, ప్రొటీన్లు కలిసిన చిక్కటి ద్రవాన్ని కొద్దికొద్దిగా వదలడం మొదలుపెడతాయి. దీనికి కూడా వాసన ఉండదు.

ఆ ద్రవంలో ఉండే ఒక పదార్థం సంగతి వివరంగా చెప్పుకోవాలి. గంధకం ఉన్న ఒక ఘాటైన ఆల్కహాల్ అణువును మన గ్రంథి రెండు అమైనో ఆమ్లాలకు కట్టేసి బయటికి పంపుతుంది. కట్టి ఉన్నంతసేపు అది గాలిలోకి లేవదు, ముక్కుకు అందదు. చంకలో కాపురముండే స్టాఫిలోకాకస్ హోమినిస్ అనే బ్యాక్టీరియా ఆ కట్టను మొత్తంగా తన లోపలికి లాక్కుంటుంది. ముందు ఒక అమైనో ఆమ్లాన్ని తెంపుతుంది. రెండోదాన్ని తెంపడానికి దాని దగ్గర ఒక ప్రత్యేకమైన ఎంజైము ఉంది. అది తెగగానే గంధకపు అణువు విడిపడుతుంది. బ్యాక్టీరియాకు దానితో పనిలేదు. బయటికి పోతుంది, గాలిలో కలుస్తుంది. పాడైన ఉల్లిపాయ వాసన. గాలిలో ఎంత తక్కువగా ఉన్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది.

ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ ఎంజైము ఎలా ఉంటుందో, ఎలా పనిచేస్తుందో 2020లో బయటపెట్టారు. ఈ కంపు పుట్టించని వేరే స్టాఫిలోకాకస్‌లోకి ఈ ఒక్క ఎంజైమును చేర్చి చూస్తే, అదీ కంపు పుట్టించింది. జన్యువుల వంశవృక్షం గీసి చూస్తే ఈ ఎంజైము ఆ బ్యాక్టీరియాల పూర్వీకులకు సుమారు 6 కోట్ల సంవత్సరాల కిందటే చేరిందని తేలింది. అప్పటికి మనిషి లేడు. అంటే ఈ జీవులు మన పూర్వీకుల పూర్వీకుల ఒంటి మీద కూడా ఇదే పని చేస్తూ వచ్చాయన్నమాట.

తిండి లేకపోతే కంపు లేదన్న మాటకు ఇంకో సాక్ష్యం తూర్పు ఆసియాలో దొరుకుతుంది. జపాన్, కొరియా, చైనా ప్రజల్లో ఎక్కువమందికి చంకలో వాసన చాలా తక్కువ. వాళ్ల చెవిలో గులిమి కూడా జిగటగా కాక పొడిగా, పొట్టులా ఉంటుంది. ఈ రెండింటికీ ఒకే జన్యువులోని ఒకే ఒక్క అక్షరం మార్పు కారణం. ఆ మార్పు ఉన్నవారి గ్రంథి, పైన చెప్పిన అణువుల కట్టలను బయటికి పంపలేదు. బ్యాక్టీరియా ఉంటాయి కానీ వాటికి సరుకు అందదు.

మరి ఉతికి ఇస్త్రీ చేసిన పాలిస్టర్ చొక్కా ఆఫీసుకు చేరేలోపే వాసన వేయడమేమిటి? బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో 26 మంది చేత చెమటలు పట్టేలా వ్యాయామం చేయించి, వాళ్ల చొక్కాలను ఒక రోజు పైగా మూసి ఉంచి పరీక్షించారు. పాలిస్టర్ చొక్కాలు నూలు చొక్కాల కన్నా ఘోరంగా కంపు కొట్టాయి. మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా పాలిస్టర్ దారాల మీద బాగా పెరిగింది. నూలు తేమను, వాసనను కొంత లోపల పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ నీటిని పీల్చదు, జిడ్డును మాత్రం వదలదు. మన ఎండలకు నూలే మేలన్న పెద్దల మాట ఈ విధంగానూ నిజమే.

మెట్ట, మాగాణి, జిడ్డు నేల

న్యూజిలాండ్‌లో పనిచేసిన మేరీ మార్పుల్స్ అనే శాస్త్రవేత్త 1965లో మనిషి చర్మపు జీవావరణం మీద పెద్ద గ్రంథం రాశారు. చర్మాన్ని రోగాలు వచ్చే చోటుగా చూడడం ఆపి, రకరకాల జీవులు బతికే నేలగా చూడమని ఆమె చెప్పారు. ఆ చూపునే మన ఊరి పొలాలకు అన్వయించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ఊళ్లోనే మెట్ట ఉంటుంది, మాగాణి ఉంటుంది. నీరు, నేల ఎలాంటివో దాన్ని బట్టి ఎక్కడ ఏది పెరగాలో తేలుతుంది. ఒంటి మీద కూడా అంతే.

చంకలు, గజ్జలు, కాలివేళ్ల సందులు, మోకాలి వెనక మడత మాగాణి. అక్కడ ఎప్పుడూ తడి. స్టాఫిలోకాకస్‌లు, కొరినిబ్యాక్టీరియాలు అక్కడి కాపులు. నుదురు, ముక్కు పక్కలు, వీపు పైభాగం, మాడు జిడ్డు నేల. అక్కడ జిడ్డు తిని బతికే క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా, మలసీజియా అనే శిలీంధ్రం రాజ్యమేలతాయి. ముంజేతులు, పిక్కలు మెట్ట. తడి లేదు, జిడ్డు లేదు. అక్కడ జీవుల సంఖ్య తక్కువగా ఉంటుంది.

అయితే రకాలు ఎక్కువగా ఉండేది మెట్టలోనే. అమెరికాలో జూలియా సెగ్రీ, ఎలిజబెత్ గ్రైస్ బృందం 2009లో 10 మంది ఆరోగ్యవంతుల ఒంటి మీద 20 చోట్ల నుంచి నమూనాలు తీసి జన్యు పరీక్షలు చేసింది. అన్నిటికన్నా వైవిధ్యం ముంజేతి మీద, అన్నిటికన్నా తక్కువ చెవి వెనక కనిపించాయి. ఇంకో సంగతి కూడా తేలింది. నా చంకకూ మీ చంకకూ ఉన్నంత పోలిక, నా చంకకూ నా ముంజేతికీ ఉండదు! ఎవరి ఒళ్లు అన్నదాని కన్నా ఒంట్లో ఏ చోటు అన్నదే ముఖ్యం.

చేతుల సంగతి మరీ విచిత్రం. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2008లో 51 మంది విద్యార్థుల అరచేతులను పరీక్షిస్తే ఒక్కో చేతి మీద సగటున 150 రకాలకు పైగా బ్యాక్టీరియా కనిపించాయి. ఒకే మనిషి కుడిచేతికీ ఎడమచేతికీ మధ్య ఉమ్మడిగా ఉన్నవి వాటిలో 17 శాతమే. ఒక చేత్తో అన్నం కలుపుతాం, తలుపు గొళ్లెం తీస్తాం, డబ్బు లెక్కపెడతాం. రెండో చేతి బతుకు వేరు.

ఇవన్నీ చర్మం పైపైన దుమ్ములా పడి ఉన్నాయనుకోవద్దు. చాలావరకు వెంట్రుక కుదుళ్లలోకి దిగి ఉంటాయి. పైకి కనిపించే చర్మం చదరపు మీటరున్నర నుంచి రెండు. కుదుళ్ల లోపలి గోడలను కూడా కలిపితే జీవులకు దొరికే స్థలం దానికి ఎన్నో రెట్లు. గాలి సరిగ్గా ఆడని ఆ లోతుల్లో ఉండే యాక్నెస్‌కు ప్రాణవాయువుతో పనిలేదు. అందుకే రెండుపూటలా స్నానం చేసేవారి ఒంటి మీద కూడా ఈ జీవులు చెక్కుచెదరవు. కొందరి చర్మాన్ని రెండేళ్ల ఎడంతో మళ్లీ పరీక్షించినా దాదాపు పాత కాపులే కనిపించారు.

---
ఎలా లెక్కపెడతారు?

చాలాకాలం ఒకే పద్ధతి ఉండేది. దూది పుల్లతో చర్మాన్ని రుద్ది, గాజు పళ్లెంలోని పోషక పదార్థం మీద పూసి, ఏం మొలుస్తాయో చూడటం. అక్కడి తిండి నచ్చినవి మొలుస్తాయి, నచ్చనివి మొలవవు. మొలవనివి అసలు లేవనుకునేవారు. ఇప్పుడు ఆ దూది పుల్లకు అంటినదాంట్లోంచి నేరుగా డీఎన్‌ఏ తీస్తారు. బ్యాక్టీరియాలన్నిటిలో ఉండే ఒక జన్యువు ఒక్కో జాతిలో కొద్ది తేడాతో ఉంటుంది. ఆ తేడాలను చదివి ఎవరెవరున్నారో, ఎంతెంత ఉన్నారో చెబుతారు. ఒక్కటే చిక్కు: డీఎన్‌ఏ దొరికిన జీవి బతికే ఉందో, చచ్చి పడి ఉందో ఈ పద్ధతి చెప్పలేదు.

---

కాపులు ఉన్న పొలంలో కలుపు తక్కువ

ఇన్ని జీవులు ఒంటి మీద ఉండి మనకు ఒరిగేదేమిటి? మొదటి మేలు ఆమ్లం. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిగా పులుపు వైపు ఉంటుంది. హైన్రిక్ షాడే, ఆల్ఫ్రెడ్ మార్కియోనిని అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1928లోనే ఈ ఆమ్లపు పొరను వర్ణించారు. చర్మం తయారుచేసుకునే ఆమ్లాలు కొన్ని. మిగతావి బ్యాక్టీరియా చలవ. కుదుళ్లలోని యాక్నెస్ మన జిడ్డును విరగ్గొట్టి తనకు కావలసింది తీసుకుంటుంది. మిగిలిన కొవ్వు ఆమ్లాలు చర్మం మీద పరుచుకుంటాయి. బయటి నుంచి వచ్చి పడే చాలా వ్యాధికారక క్రిములకు ఈ పులుపు గిట్టదు. మొటిమలకు కారణమని మనం తిట్టుకునే జీవి రోజంతా చేసే పని ఇది.

రెండోది నేరుగా పోరాటం. మన ముక్కుల్లో, చర్మం మీద దొరికే స్టాఫిలోకాకస్ ఆరియస్ చీము గడ్డల నుంచి ప్రాణాంతకమైన రక్తపు ఇన్ఫెక్షన్ దాకా దేనికైనా కారణం కాగలదు. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో ముక్కులోని బ్యాక్టీరియాల మీద పనిచేసే బృందానికి, ఆరియస్‌ను దరిచేరనివ్వని బంధువు ఒకటి కంటపడింది. దాని పేరు స్టాఫిలోకాకస్ లగ్డునెన్సిస్. అది లగ్డునిన్ అనే యాంటీబయాటిక్‌ను తనే తయారుచేసుకుంటుందని 2016లో ప్రకటించారు. ఆసుపత్రిలోని 187 మంది ముక్కులు పరీక్షిస్తే, లగ్డునెన్సిస్ లేనివారిలో దాదాపు 35 శాతం మందిలో ఆరియస్ ఉంది. లగ్డునెన్సిస్ ఉన్నవారిలో అది 6 శాతం లోపే. మట్టిలో దశాబ్దాలుగా యాంటీబయాటిక్‌ల కోసం తవ్వుతున్న శాస్త్రానికి మనిషి ముక్కులోనే ఒకటి దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

చర్మం మీద చాలా సాధారణంగా కనిపించే స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ ఇంకో రకంగా ఉపకారం చేస్తుంది. మన కణాల కొవ్వుల్లో ఒకదాన్ని విడగొట్టి సెరమైడ్లు తయారుకావడానికి తోడ్పడుతుంది. సెరమైడ్లంటే చర్మపు పైపొర కణాల మధ్య ఉండి నీరు ఆవిరైపోకుండా ఆపే కొవ్వులు. ఖరీదైన క్రీముల డబ్బాల మీద పెద్ద అక్షరాల్లో కనిపించే పేరు అదే.

అలాగని ఇవన్నీ ఎప్పుడూ సాధువులేనని చెబితే అబద్ధమవుతుంది. ఇదే ఎపిడెర్మిడిస్ సెలైన్ గొట్టం వెంట రక్తంలోకి చేరినా, అమర్చిన కృత్రిమ కీలు మీద పొర కట్టినా డాక్టర్లకు చెమటలు పట్టిస్తుంది. చర్మం మీద ఉండాల్సింది చర్మం మీదే ఉండాలి.

పసికందు చర్మం ఏం నేర్చుకుంటుంది?

గర్భంలో ఉన్నంతకాలం బిడ్డ చర్మం మీద కాపులు ఉండరు. పుట్టుకతోనే వలస మొదలవుతుంది. వెనిజులాలో జరిపి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సహజ కాన్పులో పుట్టిన బిడ్డల ఒంటి మీద తల్లి జననమార్గంలోని బ్యాక్టీరియా, ఆపరేషన్‌తో పుట్టిన బిడ్డల మీద చర్మపు బ్యాక్టీరియా కనిపించాయి. తెలుగు రాష్ట్రాలకు ఈ సంగతి దూరపుది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5 శాతమే. అయితే ఆపరేషన్‌తో కన్న తల్లులు దీన్ని చదివి బెంగపడకూడదు. 2017లో అమెరికాలో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం ఆరు వారాలు తిరిగేసరికి బిడ్డల చర్మం మీద ఈ తేడా మాసిపోయింది. ఏ చోటికి తగిన జీవులు ఆ చోటికి చేరుకున్నాయి. అనవసరపు సిజేరియన్లను తగ్గించడానికి వేరే బలమైన కారణాలు చాలా ఉన్నాయి. చర్మాన్ని అందులోకి లాగనక్కరలేదు.

ఆ తొలి రోజుల్లో చర్మం లోపల మాత్రం ఒక ముఖ్యమైన పని జరుగుతుంది. కాలిఫోర్నియాలో ఎలుకల మీద చేసిన ప్రయోగాన్ని 2015లో ప్రచురించారు. పుట్టిన మొదటి వారాల్లో ఎపిడెర్మిడిస్ పరిచయమైన ఎలుకపిల్లల చర్మంలోకి, తాపాన్ని అదుపుచేసే రోగనిరోధక కణాలు పెద్ద ఎత్తున వచ్చి చేరాయి. పెద్దయ్యాక అదే బ్యాక్టీరియా గీరుకుపోయిన చర్మంలోకి వెళ్లినా ఒళ్లు పెద్దగా రేగలేదు. మొదటి పరిచయం పెద్దయ్యాకే జరిగిన ఎలుకలకు ఈ ఓర్పు రాలేదు. ఎవరు మనవాళ్లో గుర్తుపట్టడానికి రోగనిరోధక వ్యవస్థకు ఒక వయసు ఉందన్నమాట.

శ్రుతి నాయక్, యాస్మిన్ బెల్కాయిద్ బృందం 2012లో ఇంకో వైపు చూపించింది. ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలు లీష్మానియా అనే పరాన్నజీవి చర్మంలోకి చేరినప్పుడు సరిగా ఎదుర్కోలేకపోయాయి. వాటి చర్మం మీద ఒక్క ఎపిడెర్మిడిస్‌ను నాటితే చాలు, ఎదుర్కొనే శక్తి తిరిగి వచ్చింది. పేగుల్లో బ్యాక్టీరియా ఉందా లేదా అన్నదానితో ఇందులో పనిలేకపోయింది. చర్మం తన రక్షణ సంగతి తన మీద ఉన్న జీవులతోనే తేల్చుకుంటుంది.

దోమలు ఎవరిని వెతుక్కుంటాయి?

సాయంత్రం నలుగురు ఆరుబయట కూర్చుంటే దోమలు ఒకరినే పీక్కుతినడం అందరికీ అనుభవమే. రక్తం తీపి అని ఆటపట్టిస్తారు. అసలు కారణం చర్మం మీద ఉంది. ఆఫ్రికాలో మలేరియా మోసే దోమ కాళ్లనే ఎక్కువ కుడుతుందని గమనించిన నెదర్లాండ్స్ పరిశోధకులు, పాదాల వాసన వేసే లింబర్గర్ జున్ను పెట్టి చూశారు. దోమలు దాని మీదికి వచ్చాయి (1996). ఆ జున్నును పులియబెట్టే బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టాలు మన కాలివేళ్ల సందుల్లో ఉంటాయి. 2011లో 48 మంది మగవారిని పరీక్షిస్తే, దోమలకు బాగా నచ్చినవారి చర్మం మీద బ్యాక్టీరియా సంఖ్య ఎక్కువ, రకాలు తక్కువ. డెంగీ మోసే దోమ సంగతి న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం 2022లో తేల్చింది. చేతులకు నైలాన్ తొడుగులు వేసుకుని వాసన పట్టించిన వాళ్లలో, చర్మం మీద కొన్ని కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉన్నవారి వైపే దోమలు ఎగబడ్డాయి. ఏళ్లు గడిచినా దోమలకు ఇష్టులు ఇష్టులుగానే మిగిలారు.

చుండ్రు, శోభి, మొటిమ

చర్మపు జబ్బుల్లో కొన్ని బయటి నుంచి వచ్చేవి. గజ్జి ఒక పురుగు వల్ల, తామర ఒక శిలీంధ్రం వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. చుండ్రు, శోభి, మొటిమలు అలాంటివి కావు. ఇవి మన కాపులతోనే మనకు వచ్చే పేచీలు.

మలసీజియాకు సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకోవడం చేతకాదు. మన జిడ్డే దానికి తిండి. జిడ్డును విరగ్గొట్టి కొన్ని రకాల కొవ్వు ఆమ్లాలను తిని, ఒలియిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. అవి మాడు పైపొరలోకి ఇంకుతాయి. తట్టుకోగలిగిన వారికి ఏమీ కాదు. తట్టుకోలేని వారి మాడు రేగి, కణాలు గబగబా పుట్టి, అంటుకుని, పొట్టుగా రాలతాయి. అందుకే ఒకే ఇంట్లో, ఒకే సీసా నూనె రాసుకునే అక్కచెల్లెళ్లలో ఒకరికి చుండ్రు ఉండి మరొకరికి ఉండదు.

నూనె రాస్తే చుండ్రు పెరుగుతుందా, తగ్గుతుందా? మన దేశంలో 140 మంది మహిళల మీద 16 వారాలపాటు జరిగిన అధ్యయనం 2021లో వచ్చింది. వారిలో సగం మందికి చుండ్రు ఉంది. కొబ్బరి నూనె వాడాక మాడు మీద యాక్నెస్ పెరిగింది, బయోటిన్ అనే విటమిన్‌ను తయారుచేసే మార్గాలు బలపడ్డాయి, వీటికి తగ్గట్టు చుండ్రు లక్షణాలు తగ్గాయి. ఆ పనిలో తలనూనె అమ్మే సంస్థ వారికీ భాగం ఉంది కనుక, స్వతంత్రంగా ఇంకొకరు కూడా చేసి చూపితే నమ్మకం పెరుగుతుంది. ఎర్రగా రేగి, దురద పెట్టే జిడ్డు చుండ్రుకు మాత్రం ఏ నూనె మీదా ఆధారపడకుండా డాక్టరుకు చూపించుకోవడమే మంచిది.

ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తా జిల్లాల్లో ఛాతీ మీద, వీపు మీద, మెడ మీద తెల్లగానో గోధుమ రంగులోనో పొట్టులేచే మచ్చలు కనిపిస్తే అది శోభి. ఇదీ మలసీజియా పనే. తేమ, వేడి దొరికినప్పుడు అది రూపం మార్చుకుని పైపొరలో దారాలుగా పాకుతుంది, చర్మం రంగు తయారీని అడ్డుకుంటుంది. ఇది బొల్లి కాదు, కుష్ఠు కాదు, అంటుకోదు. పెళ్లిచూపుల వేళ దీన్ని దాచుకుని కుమిలిపోయిన ఆడపిల్లలు ఎంతమందో. సరైన మందుతో శిలీంధ్రం కొద్ది వారాల్లో పోతుంది. చర్మం రంగు తేరుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. ఆ ఆలస్యాన్ని చూసి మందు పనిచేయలేదనుకుంటారు.

మొటిమల విషయంలో లెక్క ఇంకా సూక్ష్మం. మొటిమలున్న ముఖం మీదా, లేని ముఖం మీదా యాక్నెస్ ఉంటుంది. 2013లో జన్యువులు చదివి చూస్తే, ఒకే జాతిలోని కొన్ని తెగలు మొటిమలున్నవారిలో ఎక్కువగా, మరికొన్ని నున్నటి చర్మం ఉన్నవారిలో ఎక్కువగా కనిపించాయి. కనుక యాక్నెస్‌ను సమూలంగా చంపాలని ముఖాన్ని రోజుకు నాలుగుసార్లు తోముకోవడం వల్ల ఒరిగేది లేదు.

---
చేతులు కడగాలా, వద్దా?

కడగాలి. తప్పకుండా కడగాలి. ఫిలిప్ ప్రైస్ అనే సర్జన్ 1938లోనే చేతి మీది బ్యాక్టీరియాలను రెండుగా విడదీశాడు: స్థిరంగా ఉండేవి, దారిన పోతూ అంటుకున్నవి. విరేచనాలు, టైఫాయిడ్ లాంటివి తెచ్చేవి రెండో రకం. పైపైన ఉంటాయి కనుక మామూలు సబ్బు, నీళ్లు, కాస్త ఓపిక ఉంటే పోతాయి. స్థిర నివాసులు లోతుల్లో ఉంటాయి కనుక కడిగినా తిరిగి వస్తాయి. ఇంట్లో ఇందుకు క్రిమిసంహారక సబ్బులు అక్కరలేదు. మామూలు సబ్బు కన్నా మేలని తయారీదారులు రుజువు చేయలేకపోయినందుకు, అమెరికా ప్రభుత్వం 2016లో ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను అలాంటి సబ్బుల్లో నిషేధించింది.

---

బ్యాక్టీరియానే మందుగా

ఎగ్జిమాతో బాధపడే పిల్లల చర్మం మీద ఆరియస్ విపరీతంగా పెరుగుతుంది, మిగతా రకాలు తగ్గిపోతాయి. జబ్బు తగ్గాక పాత వైవిధ్యం తిరిగి వస్తుంది. శాన్ డియేగోలో రిచర్డ్ గాలో బృందం ఆరోగ్యవంతుల చర్మం మీద వెతికి, ఆరియస్‌ను చంపే పదార్థాలు తయారుచేసే స్టాఫిలోకాకస్ హోమినిస్ తెగను పట్టుకుంది. చంకలో కంపు పుట్టించే జాతే ఇది! దాన్ని క్రీములో కలిపి ఎగ్జిమా ఉన్న 54 మందితో పరీక్ష పెట్టారు. వారం రోజులు పూయించగా, పూసుకున్నవారి చర్మం మీద ఆరియస్ తగ్గిందని 2021లో ప్రకటించారు. అదే ఏడాది, రోజియోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియాతో ఒక సంస్థ చేసిన పెద్ద పరీక్ష విఫలమైంది. మందు లేని ఉత్తి పూతకన్నా అది మెరుగ్గా పనిచేయలేదు. కనుక బజారులో 'ప్రోబయోటిక్' అని రాసి అమ్మే ముఖపు క్రీములకు వేలు పోసే ముందు, ఏ బ్యాక్టీరియా, బతికి ఉందా, ఎవరి మీద పరీక్షించారు అని అడగడం మన హక్కు.

ఇంతకన్నా దూరం చూస్తున్నవారూ ఉన్నారు. ఎపిడెర్మిడిస్ చర్మం మీద ఊరకే ఉన్నా, శరీరం దానికి వ్యతిరేకంగా రక్తంలో యాంటీబాడీలు తయారుచేస్తుందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనించారు. దాని మీద ధనుర్వాతపు విషంలోని హాని చేయని ముక్క ఒకటి అమర్చి ఎలుకల చర్మానికి పూశారు. సూది లేదు, జ్వరం లేదు. తర్వాత ప్రాణాలు తీసేంత మోతాదులో ఆ విషం ఇచ్చినా ఎలుకలు బతికాయి. ఈ ఫలితం 2024 డిసెంబరులో అచ్చయింది. ఎలుకలో పనిచేసినది మనిషిలో పనిచేస్తుందన్న హామీ లేదు. పనిచేస్తే మాత్రం సూదికి భయపడే పిల్లలకు, శీతల పెట్టెలు చేరని ఊళ్లకు ఎంత మేలో.

మందుల షాపు ట్యూబు

పొలంలో కనబడిన ప్రతి పురుగుకీ మందు కొడితే మిత్ర పురుగులు ముందు పోతాయని, శత్రు పురుగులు మందుకు అలవాటుపడి తిరిగి వస్తాయని మన పత్తి రైతులు నష్టపోయి తెలుసుకున్నారు. చర్మం మీద మనం అదే చేస్తున్నాం.

తొడల మధ్యో నడుం చుట్టూనో దురదతో గుండ్రటి ఎర్ర మచ్చ వస్తుంది. తామర. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్లరు. మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు చేతిలో పెడతారు. చాలా ట్యూబుల్లో మూడు మందులు కలిసి ఉంటాయి: ఒక యాంటీబయాటిక్, ఒక శిలీంధ్ర నాశని, ఒక స్టెరాయిడ్. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణచేస్తుంది కనుక రెండు రోజుల్లో దురద, ఎరుపు మాయమవుతాయి. హాయిగా ఉంటుంది, పూయడం ఆపేస్తారు. యాంటీబయాటిక్‌కు తామరతో సంబంధమే లేదు, అది చంపేది అక్కడి కాపులను. రెండు రోజులు మాత్రమే అందిన శిలీంధ్ర నాశనికి లోబడకుండా మిగిలినవి బతుకుతాయి. పది రోజులకు మచ్చ ఇంకా పెద్దదై, అంచులు చెదిరి తిరిగొస్తుంది. మళ్లీ ట్యూబు. నెలల తరబడి ఇలా సాగితే చర్మం పలచబడి, చారలు పడి, ఆ చారలు జన్మలో పోవు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. గత పదేళ్లలో మన దేశంలో తామర మొండిగా మారి విస్తరించింది. అందుకు కారణమైన శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టెర్బినాఫిన్ అనే ప్రధాన ఔషధానికి ఇది చాలాసార్లు లొంగదు. న్యూయార్క్‌లోనూ కనిపించిందని 2023లో ప్రకటించారు. చర్మానికి పూసే స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో నియమం పెట్టినా, అవి అడిగినవారికల్లా దొరుకుతూనే ఉన్నాయి.

మీ ఇంట్లో ఉన్న ట్యూబు తీసి వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మోమెటసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. ఆ ట్యూబును తామర మీద పూయకండి. ముఖం తెల్లబడుతుందని అసలే పూయకండి. చాలాకాలంగా వాడుతుంటే ఉన్నపళంగా మానేయకుండా చర్మవ్యాధుల డాక్టరును అడగండి. తామరకు డాక్టరు ఇచ్చిన మందును మచ్చ కనబడకుండా పోయాక కూడా, చెప్పినన్ని వారాలూ వాడాలి. తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వారికి వేరుగా ఉండాలి. వేడినీళ్లతో ఉతికి ఎండలో ఆరేయాలి. ఇంట్లో ఇంకెవరికైనా అలాంటి మచ్చ ఉంటే వాళ్లను కూడా అదే రోజు డాక్టరుకు చూపించండి. ఒక్కరికి తగ్గి ఇంకొకరికి ఉంటే అది మళ్లీ వస్తుంది.